తాళం వేసినవాళ్ళే తీయాలి

జూన్ 3, సోమవారం

నర్సమ్మ రాయమంది కాబట్టి రాస్తున్నాను. ఫ్యాక్టరీ ఫస్ట్ ఎయిడ్ గదిలో కూర్చునే ఆ మహాతల్లికి నా నడుం కంటే నా నిద్ర మీద బెంగ ఎక్కువ. "పడుకోగానే బుర్రలో తిరిగేవన్నీ కాగితం మీద పెట్టండి, ఎవరికీ చూపించక్కర్లేదు" అంది. నా బుర్రలో ఏమీ తిరగడం లేదు, బుర్ర మంచి కండిషన్‌లో ఉంది అన్నాను. అయితే అదే రాయండి అంది. రాశాను. ఇవాళ్టికి చాలు.

జూన్ 4, మంగళవారం

నేను హెడ్ ఫిట్టర్ని. అట్టపెట్టెలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఏ మిషన్ మూలిగినా నేనే వెళ్ళి చూడాలి. నిచ్చెన మెట్టు ఊడి కింద పడ్డాను, వెన్నుపూస దెబ్బతింది. అంతమాత్రాన ఎవడూ ఫిట్టర్ కాకుండా పోడు. ప్రస్తుతం స్టోర్ కిటికీ దగ్గర కూర్చుని గ్లౌజులూ బోల్టులూ ఇస్తున్నాను. ప్రస్తుతానికే.

జూన్ 6, గురువారం

ఇద్దరు కొత్త ఫిట్టర్లు కిటికీ దగ్గరికొచ్చి, ఏదో పెన్సిల్ అడిగినట్టు, "ఒక తాళం ఇవ్వండి సార్" అన్నారు. ఊరికే ఇస్తానా! నిలబెట్టి పాఠం చెప్పాను. మిషన్ లోపలికి చెయ్యి పెట్టే ముందు మెయిన్ స్విచ్ ఆపాలి. దానికి నీ తాళం వేయాలి. ఒక తాళానికి ఒకటే చెవి, అది నీ జేబులో ఉండాలి. తాళానికి నీ పేరు రాసిన ఎర్ర చీటీ కట్టాలి: 'లోపల మనిషి ఉన్నాడు.' అక్కడితో అయిపోలేదు. స్టార్ట్ బటన్ నొక్కి చూడాలి, నిజంగా ఆగిందో లేదో. ఇక వేసినవాడు తప్ప ఆ తాళాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. మేనేజరొచ్చినా, మేనేజర్‌గారి బాబొచ్చినా సరే.

ఒకసారి మా గుండు తాళం వేసి, మర్చిపోయి ఇంటికి పోయాడు. గుండు అంటే పనిలో నా జోడీ. మేమిద్దరం బావా బావా అనుకుంటాం, చుట్టరికం ఏమీ లేదు. లైనంతా ఆగిపోయింది. మేనేజర్ తాళాలు కోసే కట్టర్ పట్టుకుని ఊగిపోతున్నాడు. నేను స్విచ్‌కి అడ్డంగా నిలబడి, కారు పంపించి వాణ్ణి రప్పించాను. గడ్డం గీయించుకుంటున్నవాడు సగం చెంపకి నురగతోనే వచ్చి తాళం తీశాడు. లోపల ఎవరూ లేరని అందరికీ తెలుసు. అయినా సరే. ఇన్నేళ్ళలో ఇంకొకరి తాళం కోసింది లేదు, కోయనిచ్చింది లేదు.

కొత్తవాళ్ళు నోరు తెరుచుకుని విన్నారు. వెళ్ళేటప్పుడు ఒకడు రెండోవాడితో, "ఈయన ఇదివరకు ఫిట్టరట" అన్నాడు.

ఇదివరకు!

జూన్ 9, ఆదివారం

నొప్పి మాత్రలు మానేశాను. ఒళ్ళు మొద్దుబారిపోతోంది. నొప్పిదేముంది, ఓర్చుకుంటాను. మిగిలినవి పారేయడమెందుకని అలమరలో నా చొక్కాల వెనక పెట్టాను. మందులు పారేయకూడదు కదా.

జూన్ 10, సోమవారం

నిద్ర లేదు. బాగానే ఉన్నాను.

జూన్ 13, గురువారం

చాలా రోజులకి చేతినిండా పని దొరికింది. మా ఆవిడ కళ్ళద్దాల షాపులో అద్దాలు బిగిస్తుంది. వెంట్రుకవాసి తేడా ఉన్నా పట్టేసే చూపు. పొద్దున్నే వచ్చి, "ఏవండీ, అమ్మ మాత్రలు వేసుకున్న సంగతి మర్చిపోయి మళ్ళీ వేసేసుకుంటోంది. హాల్లో చిన్న బీరువాకి తాళం బిగించి పెడతారా? ఇంట్లో మందులన్నీ అందులోనే పెట్టేద్దాం" అంది.

మా అత్తగారు కుర్చీలోంచి, "అవును, నాకు మతిమరుపు ఎక్కువైపోయింది" అంది.

నాకు నవ్వొచ్చింది. పెళ్ళిచూపుల్లో నేను ఏ రంగు చొక్కా వేసుకొచ్చానో, దానికి ఎన్నో గుండీ ఊడిపోయిందో ఈ రోజుకీ చెప్పే మనిషి! సరే, వయసు కదా అనుకున్నాను.

బజారులో దొరికే బొమ్మ తాళాలు మా ఇంట్లో పనికిరావు. నా ఫ్యాక్టరీ తాళమే తెచ్చాను. మరలు బయటికి కనబడకుండా గొళ్ళెం బిగించాను. నడుం అంత నొప్పిలోనూ మాట వింది. ఒకటే చెవి, అది మా ఆవిడ చేతికిచ్చాను. సరదాకి ఎర్ర చీటీ కూడా కట్టాను, మీద ఆవిడ పేరు రాసి: 'లోపల మనిషి ఉన్నాడు.'

"లోపలెవరున్నారు?" అంది అత్తగారు.

"మీ బీపీ ఉంది అత్తయ్యా."

ముగ్గురం నవ్వాం. మా ఆవిడ అందరికంటే ముందు ఆపేసింది.

జూన్ 14, శుక్రవారం

చొక్కాల వెనక నా ప్యాకెట్టు లేదు. సర్దడం మొదలుపెడితే ఆవిడ దేన్నీ వదలదు. అడగలేదు. అడిగితే అక్కడెందుకు పెట్టారని అడుగుతుంది.

రాత్రి భోజనాలయ్యాక వాళ్ళమ్మకి ఒక మాత్ర, నాకు ఒక మాత్ర అరచేతిలో పెట్టి, మంచినీళ్ళ గ్లాసుతో నిలబడింది. మింగేదాకా కదల్లేదు. నాకేమైనా మతిమరుపా?

జూన్ 18, మంగళవారం

గుండు టీ కప్పులు రెండు పట్టుకుని కిటికీ దగ్గరికొచ్చాడు. కాసేపు వాడి మిషన్ గురించి చెప్పాడు. ఆ తర్వాత గొంతు సవరించుకున్నాడు. ఈ మనిషి గొంతు సవరించుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

"బావా, ఒక మాట అడుగుతాను. కోపమొస్తే కొట్టు."

"అడుగు."

"నీకు చచ్చిపోవాలని ఏమైనా అనిపిస్తోందా?"

టీ నా చేతి మీద ఒలికింది. "నీకేమైనా పిచ్చా?" అన్నాను.

"నా పిచ్చి సంగతి తర్వాత. తాళం వేస్తే సరిపోదు, బటన్ నొక్కి చూడాలని నువ్వే కదా నేర్పావు. నొక్కి చూస్తున్నాను."

"లేదు."

"సరే. మళ్ళీ అడుగుతా."

"ఎన్నిసార్లు అడుగుతావేంటి?"

"నాకు బుర్రకెక్కేదాకా నువ్వు తాళం పాఠం ఎన్నిసార్లు చెప్పావు? అన్నిసార్లు."

నవ్వేశాను. వాడూ నవ్వాడు గానీ వెళ్తూ వెళ్తూ రెండుసార్లు వెనక్కి చూశాడు.

లేదన్నాను. లేదు కాబట్టే లేదన్నాను.

జూన్ 19, బుధవారం

లేదు.

జూన్ 20, గురువారం

ఇవాళ రాయను.

జూన్ 22, శనివారం

రాస్తాను. ఇది రాయకపోతే ఇంతకుముందు రాసినదంతా దండగ.

గురువారం మేనేజర్ పిలిచాడు. కుర్చీ వేశాడు, మర్యాదకేం తక్కువ చేయలేదు. "మీరిక విశ్రాంతిగా స్టోర్‌లోనే ఉండండి. హెడ్ ఫిట్టర్‌గా ఇంకొకర్ని తీసుకుంటున్నాం. తాళం పాఠం కూడా మీకు శ్రమ లేకుండా వీడియో తీయించేశాం" అని అది చూపించాడు. ఎవరో శుభ్రమైన చొక్కావాడు స్విచ్ ఆపాడు, తాళం వేశాడు, చీటీ కట్టాడు, చేతులు దులుపుకున్నాడు. బటన్ నొక్కి చూడలేదు. నేను ఆ మాట అనాలి. అనకపోతే ఎవడి చెయ్యో పోతుంది. నోరు పెగల్లేదు. బాగుంది సార్ అని, ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టి ఇంటికి వచ్చేశాను.

మధ్యాహ్నం. అత్తగారు లోపలి గదిలో నిద్రపోతోంది. మా ఆవిడ షాపులో ఉంది. నేను హాల్లో నిలబడ్డాను. నేనిక ఎవరికీ అక్కర్లేదు, నేను లేకపోతే వీళ్ళిద్దరికీ ఒక బరువు దిగిపోతుంది అనుకున్నాను. అనుకోవడం కాదు, నమ్మాను. అప్పుడు అది పచ్చి నిజంలా ఉంది. ఇప్పుడు రాస్తుంటే ఇంత తెలివితక్కువ మాట నేనెలా నమ్మానా అని ఒళ్ళు మండుతోంది. కానీ అప్పుడు నమ్మాను, పైగా చాలా ప్రశాంతంగా కూడా అనిపించింది. ఆ ప్రశాంతతే ఇప్పుడు తలుచుకుంటే భయమేస్తోంది.

బీరువా దగ్గరికి వెళ్ళాను. తాళం ఉంది. మర్చిపోయి కాదు, ఉంటుందని తెలిసే వెళ్ళాను. తాళం నాకొక అడ్డా? నా పెట్టెలోంచి కట్టర్ తెచ్చాను. దాని పళ్ళ మధ్య తాళం కొక్కేన్ని పెట్టాను. ఒక్కసారి గట్టిగా నొక్కితే అయిపోతుంది.

చీటీ వేలాడుతోంది. ఆవిడ పేరు, నా రాత. లోపల మనిషి ఉన్నాడు.

చేతులు కదల్లేదు. జ్ఞానోదయం అయిందనో, పెళ్ళాం మొహం కళ్ళముందు మెదిలిందనో అబద్ధం రాయను. నాకు పోవాలనే ఉంది. ఈ చేతులు మాత్రం ఇంకొకరి తాళం కోయడానికి ఒప్పుకోలేదు. వాటికి ఆ పని తెలీదు. మళ్ళీ నొక్కబోయాను. మళ్ళీ రాలేదు. నా మీద నాకే కోపమొచ్చింది, ఇంత చిన్న తాళం కోయలేని వాణ్ణయ్యానా అని. అక్కడే కింద కూలబడ్డాను. కట్టర్ ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను. మా నాన్న పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు.

ఎంతసేపయిందో తెలీదు. అత్తగారు గోడ పట్టుకుని వచ్చింది. నన్ను చూసింది, కట్టర్ చూసింది. కేకలు పెట్టలేదు. ఆ మోకాళ్ళతో కింద కూర్చోవడం ఆవిడకి పెద్ద గండం. అయినా నా పక్కనే కూలబడి, కట్టర్ మెల్లగా తీసి తన అవతలి పక్కన పెట్టుకుంది.

"నాకు మతిమరుపు లేదు అల్లుడూ."

కళ్ళు తుడుచుకుని ఆవిడ వైపు తిరిగాను.

"నా మాత్రలకి తాళమెందుకే అని దాన్ని నిలదీశాను. నీ కోసమని చెప్పి ఏడ్చింది. అలాగైతే నాకే మతి పోయిందని చెప్పు, నా పేరు చెడితే కొంపలేం మునిగిపోవు అన్నాను. నీ ముందు మతిలేనిదానిలా నటించలేక చస్తున్నాననుకో."

నాకు ఆ ఏడుపులోనే నవ్వొచ్చింది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో ఫోన్ తీసి కూతురికి చేసింది. "ఎవరి కళ్ళద్దాలు ఎలా పోతే పోనీ, నువ్వు తక్షణం ఇంటికి రా. ఇక్కడే ఉన్నాడు, నా పక్కనే ఉన్నాడు. నేను వదల్లేదు" అంది. నిజంగానే వదల్లేదు. మా ఆవిడ వచ్చేసరికి నా వేళ్ళు తిమ్మిరెక్కిపోయాయి.

మా ఆవిడ చెప్పులతోనే లోపలికి వచ్చేసింది. ముందు కట్టర్ తీసుకెళ్ళి పక్కింటివాళ్ళకి ఇచ్చి వచ్చింది. ఆ తర్వాతే నా ఎదురుగా కూర్చుంది. అప్పుడు తెలిసింది మొత్తం కథ. ఎవరు పలకరించినా నేను పలకడం మానేశానని గుండు ఆవిడకి ఉప్పందించాడట. ఆవిడ నా చొక్కాల వెనక ప్యాకెట్టు చూసి నర్సమ్మ దగ్గరికి పరిగెత్తిందట. నర్సమ్మ చెప్పిందట: "ఆ ఆలోచన ఎప్పుడూ ఒకేలా ఉండదమ్మా, ఉన్నట్టుండి ముంచుకొస్తుంది, మళ్ళీ దిగిపోతుంది. ముంచుకొచ్చినప్పుడు చేతికందేది ఏదీ ఇంట్లో ఉండకూడదు. ముందు ఆ పని చెయ్యండి. మనిషిని నోరు తెరిచి అడగండి."

"అడిగే ధైర్యం నాకు లేకపోయింది. అన్నయ్య నేనడుగుతానన్నాడు" అంది. గుండుని ఆవిడ అన్నయ్య అంటుంది.

"నన్ను ముగ్గురూ కలిసి దొంగలా కాపలా కాశారన్నమాట!"

"లోపల మనిషి ఉన్నాడని రాసింది మీరు. నేను రాయలేదు."

"నేను కోసేవాణ్ణే."

"కోయలేదుగా" అంది. అప్పటిదాకా ఆపుకున్నదంతా అప్పుడు ఏడ్చింది.

జూన్ 24, సోమవారం

గుండు టీతో వచ్చాడు. వాడు గొంతు సవరించుకునేలోపే చెప్పేశాను.

"ఆ రోజు అడిగావు కదా. అవును. అనిపిస్తోంది. మొన్న బాగా అనిపించింది."

భూమి బద్దలవుతుందనుకున్నాను. ఏమీ కాలేదు. వాడు తలూపాడు. "టీ తాగెయ్యి, చల్లారిపోతుంది. తాగాక ఇద్దరం నర్సమ్మ దగ్గరికి పోదాం" అన్నాడు. కిటికీ మూసేశాం. గ్లౌజుల కోసం వచ్చినవాళ్ళు తలుపు బాదుకున్నారు. బాదుకోనీ.

జూన్ 28, శుక్రవారం

డాక్టర్ని చూశాను. ఆడ డాక్టరు, తక్కువ మాట్లాడుతుంది, ఎక్కువ వింటుంది. నాలా కాదు. మందు కొద్దికొద్దిగానే రాస్తుంది, అది మా ఆవిడ దగ్గరే ఉంటుంది. వారం వారం వెళ్ళి మాట్లాడి రావాలి. నిద్ర లేకపోవడం, ఆకలి లేకపోవడం, నేనెందుకూ పనికిరానని అనిపించడం, అన్నీ ఒకే జబ్బు అంది. వెన్నుపూసకి దెబ్బ తగిలితే సిగ్గుపడ్డారా అని అడిగింది. లేదన్నాను. మరి దీనికెందుకు అంది. ఆవిడ రాసిచ్చిన మందుల చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాను.

జూన్ 30, ఆదివారం

మా ఆవిడ ఇంట్లో ప్రమాదమైనవి ఏరుతుంటే చూస్తూ కూర్చున్నాను. ఎంత బాగా చూపున్నా ఆవిడకి ఇది కొత్త పని. ఫ్యాక్టరీలో ప్రమాదాల తనిఖీ చేసేవాణ్ణి నేను. లేచి, "పక్కకి జరుగు" అన్నాను. గది గదికీ నేనే తిరిగాను. ఆవిడకి కలలో కూడా తట్టనివి నాలుగు చూపించాను. అవేమిటో ఇక్కడ రాయను. ఆవిడ మొహం పాలిపోయింది. నేనవి ఎప్పుడు ఆలోచించి పెట్టుకున్నానో ఆవిడకి అర్థమైంది. అయినా దాచలేదు, అన్నీ చూపించాను.

అన్నీ గుండు ఇంటికి చేరాయి. వాడి పెళ్ళాం, "మా ఇల్లు గోడౌన్ అయిపోయింది, అన్నయ్యగారు అద్దె కడతారా?" అందట. చెల్లెమ్మకి నా మీద ఎప్పుడూ చనువే.

జూలై 7, ఆదివారం

పొద్దున్నే మళ్ళీ ముంచుకొచ్చింది. కారణమేమీ లేదు. వంటగదిలోకి వెళ్ళి, "ఇవాళ బాగాలేదు" అని చెప్పాను. ఆవిడ పొయ్యి కట్టేసింది. ఇద్దరం మెట్ల మీద కూర్చున్నాం. ఎండ మెట్ల మీదకి వచ్చేసరికి దిగిపోయింది.

జూలై 10, బుధవారం

నిద్రపోయాను. పగలు, స్టోర్‌లో, కుర్చీలో. గుండు ఫొటో తీశాడట. వాడి పని చెప్తాను.

జూలై 22, సోమవారం

మేనేజర్ గదికి నేనే వెళ్ళాను, పిలవకుండా. "మీ వీడియో తప్పు సార్. బటన్ నొక్కి చూడలేదు. అది చూసి నేర్చుకున్నవాడి చెయ్యి పోతే మీరు అతికిస్తారా?" అన్నాను. మళ్ళీ చూశాడు. నాలుక కరుచుకున్నాడు. మొదటిసారే ఎందుకు చెప్పలేదన్నాడు. అప్పుడు నాకు ఒంట్లో బాగాలేదు, ఇప్పుడు నయమవుతోంది అన్నాను. ఏమైందని అడిగాడు. చెప్పాను, జబ్బు పేరుతో సహా. వాడి మొహంలో రంగులు మారాయి గానీ, నాది మారలేదు.

పాఠం మళ్ళీ నేనే చెప్తాను. కూర్చుని. వీడియో చెత్తబుట్టలోకి పోయింది. హెడ్ ఫిట్టర్ ఉద్యోగం తిరిగి రాలేదు, రాదు. ఆ మాట రాయడానికి చెయ్యి ఆగుతుందనుకున్నాను. ఆగలేదు.

ఆగస్టు 1, గురువారం

మొదటి పాఠం. పిట్టలు లేచిపోయేలా అరిచి చెప్పాను. చివర్లో ఇంటి సంగతి కూడా చెప్పాను. ఎక్కువ కాదు. ఒంట్లో బాగాలేక ఒక మధ్యాహ్నం నా ప్రాణం మీదికి తెచ్చుకోబోయాననీ, మా ఆవిడ వేసిన తాళం అడ్డుపడిందనీ. గుండు గోడకి ఆనుకుని నేల చూపులు చూస్తున్నాడు.

అందరూ వెళ్ళాక అట్టలు కోసే మిషన్ ఆపరేటరమ్మ ఒక్కతే ఉండిపోయింది. వయసులో పెద్దావిడ, ఎప్పుడూ ఎవరితోనూ కలవదు. "ఇంట్లో బీరువాకైతే ఏ సైజు తాళం సరిపోతుందండీ?" అంది.

తాళం ఇచ్చి ఊరుకుంటే నాకూ ఆ శుభ్రమైన చొక్కావాడికీ తేడా లేదు. ఎవరి కోసమమ్మా అని అడిగాను. చెప్పింది. ఆ తర్వాత చాలాసేపు చెప్పింది. ఇద్దరం నర్సమ్మ దగ్గరికి నడిచాం.

ఆగస్టు 12, సోమవారం

డాక్టరు బాగుందంది. ఇకమీదట నెలకొకసారి వస్తే చాలంది. ఆకలి వేస్తోంది, నడుం కూడా నయం. అత్తగారితో మళ్ళీ కీచులాటలు మొదలయ్యాయి. ఇంతకంటే రుజువేం కావాలి?

పొద్దున పనికి బయల్దేరుతూ మా ఆవిడ బీరువా ముందు ఆగింది. తాళంచెవి చేతిలో ఉంది.

"ఇక తీసేద్దామా?" అంది.

"నాకు మతిమరుపు కూడా తగ్గింది" అంది అత్తగారు కుర్చీలోంచి.

ఆవిడ కళ్ళలో ఎంత ఆశో! తీసేద్దాం అంటే ఆ కళ్ళు ఎలా వెలుగుతాయో నాకు తెలుసు. ఆ మాట అందామని నోటిదాకా వచ్చింది. నిజంగానే బాగున్నాను. బాగున్నప్పుడు తప్ప ఈ మాట చెప్పలేను కాబట్టి ఇప్పుడే చెప్పాలి.

"వద్దు. ఉండనీ."

"ఎన్నాళ్ళు?"

"తెలీదు. నేనడిగినా చెవి ఇవ్వకు. బతిమాలినా ఇవ్వకు. బాగానే ఉన్నానని నవ్వుతూ అడిగితే అసలే ఇవ్వకు."

ఆవిడ నా మొహంలోకి చాలాసేపు చూసింది, అద్దం సరిగ్గా కూర్చుందో లేదో చూసినట్టు. సరేనంది. తాళంచెవి సంచిలో వేసుకుని పనికి వెళ్ళింది.